పుల్లీ బోల్టు దగ్గర బలం ఎటు పోతోంది?

ట్రాక్టర్ ముందు పుల్లీ వెనక నల్లగా నూనె జిడ్డు పేరుకుంటోందంటే చాలాసార్లు క్రాంక్ ఆయిల్ సీల్ పోయినట్టే లెక్క. సీల్ అంటే అరచేతిలో ఇమిడే రబ్బరు రింగు. దాని ఖరీదూ పెద్దది కాదు, కూర్చోబెట్టడమూ పెద్ద పని కాదు. దాని దాకా చేరడమే పని. ఫ్యాన్ బెల్టు తియ్యాలి, అడ్డొస్తే రేడియేటర్ దించాలి, ఆ తర్వాత ఇంజన్ ముక్కు మీద కూర్చున్న పుల్లీని ఊడదియ్యాలి. ఆ పుల్లీని చాలా ఇంజన్లలో ఒకే ఒక్క బోల్టు పట్టి ఉంచుతుంది. కొన్నింట్లో బోల్టుకు బదులు నట్టు ఉంటుంది. రాయికోడ్‌లో ఒక రైతు సీల్ కొనుక్కొచ్చి, వాకిట్లో ట్రాక్టర్ నిలిపి, పొద్దున్నే మొదలుపెట్టిన పని మధ్యాహ్నం భోజనాల వేళకు కూడా ఆ బోల్టు దగ్గరే ఆగిపోయిందంటే ఆయన్ని అనడానికేమీ లేదు. టైమింగ్ బెల్టు ఇంట్లోనే మార్చుకుందామని కూర్చున్న కారు యజమాని పరిస్థితీ అంతే. మిగతా పనంతా సాగుతుంది, బోల్టు ఒక్కటి సాగదు.

జహీరాబాద్ చుట్టుపక్కల ఇంజన్ పని తెలిసిన చేతులకు కొదవలేదు. 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్‌తో కలిసి ఇక్కడ చిన్న ట్రక్కులు తయారుచేసింది. ఆ తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది. 2013లో మహీంద్రా జహీరాబాద్‌లోనే ట్రాక్టర్ల కర్మాగారం తెరిచింది. కర్మాగారంలో బోల్టు బిగించే చోట ఎంత బిగించాలో ఒక అంకె ఉంటుంది, ఆ అంకె రాగానే ఆగే పనిముట్టు ఉంటుంది. ఏళ్ల తర్వాత అదే బోల్టు ముందు గొంతుకూర్చున్న మనిషికి ఆ అంకె తెలియదు. నడుమ గడిచిన ఏళ్లలో బోల్టుకు ఏం జరిగిందో అంతకన్నా తెలియదు. తెలిసింది ఒక్కటే: ఇంకా గట్టిగా గుంజాలి. అసలు చిక్కు ఈ తీర్మానంతోనే మొదలవుతుంది. గుంజిన బలంలో ఎంత భాగం బోల్టు దాకా వెళ్తోందో చూడకుండా ఇంకాస్త బలం కలిపితే, ఆ కలిపింది కూడా పాతది పోయిన దారినే పోతుంది.

ముందు బిగుతు సంగతి. దీన్ని టార్క్‌లో కొలుస్తారు. మీటరు పొడవు రాడ్డును అడ్డంగా పెట్టి చివర పది కిలోల బరువు వేలాడదీస్తే బోల్టు మీద పడే టార్క్ సుమారు 98 న్యూటన్ మీటర్లు. క్రాంక్ బోల్టులకు తయారీదార్లు చెప్పే అంకెలు ఇంజన్‌ను బట్టి మారతాయి. వందకు అటూఇటూగా ఉండేవి ఉన్నాయి, రెండు వందలు దాటేవీ ఉన్నాయి. పోల్చి చూడటానికి, ఆల్టో 800 కారు ఇంజన్ ఎంత తొక్కినా ఇవ్వగల గరిష్ఠ టార్క్ 69 న్యూటన్ మీటర్లే. చిన్న కార్లలో ఇంజన్ పుట్టించే టార్క్ కన్నా దాని ముక్కున ఉన్న బోల్టు బిగుతే ఎక్కువగా ఉండటం మామూలు. ఈ సంగతి కాసేపటికి మళ్లీ మనకు అడ్డొస్తుంది.

అంత బిగుతు ఎందుకంటే క్రాంక్‌షాఫ్ట్ సాఫీగా తిరగదు కనుక. సిలిండర్‌లో మంట అంటుకున్న ప్రతిసారీ షాఫ్ట్‌కు ఒక తోపు పడుతుంది, తోపుకూ తోపుకూ మధ్య కాస్త వెనక్కి తగ్గుతుంది. నిమిషానికి రెండువేల చుట్ల దగ్గర ఈ కుదుపులు వేలల్లో ఉంటాయి. పుల్లీకి లోపల చిన్న ఇనుప కీ ఉంటుంది కదా, అదే ఆపుతుందనుకుంటాం. నిజానికి కీ ఎక్కువగా పుల్లీ సరైన చోట కూర్చోవడానికి. కుదుపులను మోసేది బోల్టు నొక్కుడు వల్ల పుట్టే రాపిడి. బోల్టు కాస్త వదులైతే కీ మీద దెబ్బ పడుతుంది, గాడి వెడల్పవుతుంది, పుల్లీ ఊగుతుంది. బోల్టు తల చుట్టూ ఎర్రటి మెత్తని పొడి కనిపిస్తే లోపల రెండు లోహాలు సన్నగా రాసుకుంటున్నాయని గుర్తు. ఆ పొడి కనిపించిన బోల్టు సులువుగా వచ్చేస్తుంది, కానీ అది సంతోషించాల్సిన విషయం కాదు. షాఫ్ట్ ముక్కు అరిగి ఉంటుంది.

బోల్టును బిగించడమంటే దాన్ని సాగదీయడం. కంటికి కనబడనంత సాగుతుంది, సాగిన ఉక్కు మళ్లీ కుంచించుకోవాలని చూస్తూ పుల్లీని షాఫ్ట్‌కు నొక్కి పెడుతుంది. 14 మిల్లీమీటర్ల బోల్టును 200 న్యూటన్ మీటర్లకు బిగిస్తే ఆ నొక్కుడు ఇంజనీర్ల మామూలు లెక్క ప్రకారం ఏడు టన్నుల పైమాటే. విచిత్రం ఏమిటంటే మనం పెట్టే టార్క్‌లో బోల్టును సాగదీయడానికి పోయేది పదో వంతు మాత్రమే. సుమారు సగం బోల్టు తల కింద రాపిడికి పోతుంది, ఇంకో నలభై శాతం మరల్లో రాపిడికి పోతుంది. 200లో వంద తల కింద, ఎనభై మరల్లో, ఇరవై అసలు పనికి. వదులు చేసేటప్పుడు ఆ ఇరవై మన పక్షాన చేరుతుంది. ఏటవాలు మర మీద సాగిన బోల్టు తనంతట తాను వెనక్కి జారాలని చూస్తుంది కాబట్టి ఆ మేరకు సాయం. రాపిడి 180, అందులోంచి సాయం 20 పోగా మిగిలింది 160. ఈ లెక్కన నిన్న బిగించిన బోల్టు ఇవాళ, బిగించినప్పటికన్నా తక్కువ బలానికే రావాలి. కొత్త బోల్టు అలాగే వస్తుంది కూడా.

మరి పాతదానికి ఏమైంది?

ఒకటి, కాలం. కదలకుండా ఆనుకుని ఉన్న రెండు వస్తువులను జరపడానికి కావాల్సిన బలం, అవి ఎంతసేపు ఆనుకుని ఉన్నాయన్నదాని మీద కూడా ఆధారపడుతుందని ఫ్రెంచి ఇంజనీరు షార్ల్ కూలుం 18వ శతాబ్దంలోనే గమనించాడు. మనం విద్యుదావేశాల పాఠంలో కూలుంబ్ అని చదువుకున్న మనిషే. కారణం తర్వాతి కాలంలో తేలింది. ఎంత నున్నగా చెక్కిన ఉక్కు అయినా దగ్గరగా చూస్తే గుట్టలూ లోయలే. రెండు ముఖాలు కలిసినప్పుడు నిజంగా తాకేది గుట్టల కొసలు మాత్రమే, అది మొత్తం వైశాల్యంలో చాలా చిన్న భాగం. బరువంతా ఆ కొసల మీద పడటంతో అవి నలిగి, అక్కడక్కడ ఒకదాన్నొకటి అతుక్కుంటాయి. ఏడు టన్నుల నొక్కుడు కింద, ఇంజన్ వేడెక్కి చల్లారే వందల విడతల్లో, ఈ అతుకులు పెరుగుతూ పోతాయి.

రెండు, తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం రెట్టింపుకు పైగా పెరుగుతుంది. తడి తగిలితే ఇంకా ఎక్కువ. మరల మధ్య సందు వెంట్రుకవాసి. అందులో ఉబ్బిన తుప్పుకు పోవడానికి చోటు లేదు, కాబట్టి మరలను తోస్తుంది. బీదర్ నుంచి జహీరాబాద్ దాకా పరుచుకున్న ఎర్ర నేల చూసినవాళ్లకు ఈ పదార్థం కొత్తదేమీ కాదు. ఆ లాటరైట్ మట్టి ఎరుపు ఇనుప ఆక్సైడ్ ఎరుపే. నేలలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఆ రూపంలోనే ఉంటుంది. కొలిమిలో ఎంతో వేడి ఖర్చుపెట్టి ఆక్సిజన్‌ను విడగొడితే ఇనుము వస్తుంది. విడగొట్టిన ఇనుము నీళ్లూ గాలీ దొరికితే మళ్లీ ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. వాటర్ పంపు నుంచి బొట్టుబొట్టుగా కారే నీళ్లు, వానాకాలమంతా చెట్టు కింద నిలిపిన బండి, పైపు పెట్టి కడిగిన ఇంజన్, వీటన్నిటి ఫలితం ఆ బోల్టు మీదే పడుతుంది.

మూడు, జిగురు. కొందరు మెకానిక్‌లు బిగించేటప్పుడు మరలకు రెండు చుక్కలు లాక్ జిగురు వేస్తారు. 1950ల్లో అమెరికా రసాయన శాస్త్రవేత్త వెర్నన్ క్రీబుల్ బయటికి తెచ్చిన రకం ఇది. గాలి తగులుతున్నంతసేపూ ద్రవంగా ఉంటుంది, గాలి అందని లోహపు సందులోకి పోగానే గట్టిపడుతుంది. దాన్ని వేసిన మనిషి ఎవరో తెలియకపోతే, జిగురు ఉన్నదీ లేనిదీ బోల్టు ఊడాకే తెలుస్తుంది.

మొండి బోల్టు అనగానే మన చెయ్యి ముందు నూనె డబ్బా మీదికే పోతుంది. ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. క్రాంక్ బోల్టు విషయంలో ఆ డబ్బా ఖాళీ చెయ్యడంలో సగం మన మనశ్శాంతికే. నూనె సన్న సందుల్లోకి పాకే వేగాన్ని 1921లో ఎడ్వర్డ్ వాష్‌బర్న్ లెక్కగట్టాడు. అది పాకే దూరం కాలానికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. గంటలో ఒక మిల్లీమీటరు పోయిన నూనె రెండు మిల్లీమీటర్లు పోవాలంటే నాలుగు గంటలు కావాలి. రాత్రంతా నాననివ్వమని పెద్ద మేస్త్రీలు చెప్పే మాటకు ఈ వర్గమూలమే ఆధారం. తుప్పుపట్టిన సైలెన్సర్ నట్టుకు, నాగలి బోల్టుకు ఇది చక్కగా పనిచేస్తుంది. పుల్లీ బోల్టులో మరలు తల వెనక, షాఫ్ట్ లోతున ఉంటాయి. వాటికి దారి తల కింది నుంచే, అక్కడ టన్నుల కొద్దీ నొక్కుడు. ఆ నొక్కుడు వదిలేదాకా నూనె పోవడానికి సందే దొరకదు. డబ్ల్యూడీ-40 అన్న పేరు చాలామందికి తెలుసు. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో దాన్ని తయారుచేసింది లోహం మీది నీటిని తరిమి తుప్పు రాకుండా ఆపడానికి. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కాబట్టి ఆ అంకె. పట్టేసిన మరలు విప్పడం దాని తొలి ఉద్యోగం కాదు. కిరసనాయిలో డీజిలో చిమ్మినా నష్టం లేదు, కానీ రబ్బరు బెల్టు మీద పడకుండా చూసుకోవాలి. అలాగని దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకూడదు.

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వద్దాం. బోల్టును ఎడమకు తిప్పుతున్నాం. బోల్టు పుల్లీకి, పుల్లీ షాఫ్ట్‌కు పట్టి ఉన్నాయి. అంటే మనం తిప్పుతున్నది మొత్తం ఇంజన్‌ని. తిరగలిలో కింది రాయి కూడా పై రాయితో కలిసి తిరిగితే పిండి రాలదు. ఇక్కడా అంతే. బోల్టుకు కావాల్సింది మన బలం ఒక్కటే కాదు, షాఫ్ట్ కదలకుండా నిలబడటం కూడా.

గేరులో పెట్టి బ్రేకు తొక్కితే నిలబడుతుందని అందరికీ తెలుసు. ఏ గేరు అన్న దగ్గర మాత్రం మాట తేడా వస్తుంది. షెడ్డుల్లో వినబడే సంభాషణ ఇలా ఉంటుంది:

"అన్నా, ఎంత గుంజినా వస్తలేదు. ఇంజనే తిరుగుతుంది."

"గేర్ల పెట్టినవా?"

"పెట్టిన. లో ఫస్ట్‌ల ఉంది."

"అందుకే తిరుగుతుంది తమ్మీ. హై టాప్‌ల పెట్టు."

తమ్ముడి ఆలోచన తప్పని పైకి అనిపించదు. ఫస్ట్ గేరు అంటే బలం కదా! అవును, ఇంజన్ పక్షాన బలం. లో ఫస్ట్‌లో గంటకు రెండున్నర కిలోమీటర్లు, టాప్‌లో ముప్ఫై కిలోమీటర్లు పోయే ట్రాక్టర్‌ను తీసుకుందాం. ఇంజన్ నిమిషానికి 2,100 చుట్లు తిరుగుతోందనుకుంటే, వెనక పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజన్ లో ఫస్ట్‌లో సుమారు రెండు వందల చుట్లు తిరుగుతుంది, టాప్‌లో పదిహేడు చుట్లు. బోల్టు మీద మనం పెట్టే 200 న్యూటన్ మీటర్లు షాఫ్ట్ ద్వారా గేర్లలోకి పోయి, లో ఫస్ట్‌లో రెండు వందల రెట్లు పెరిగి ఇరుసు దగ్గర నలభై వేలవుతుంది. టాప్‌లో మూడువేల నాలుగు వందలు. నేల మీద చూస్తే మొదటిది ఆరు టన్నుల తోపు, రెండోది అర టన్ను. అర టన్నును బ్రేకు ఆపుతుంది. ఆరు టన్నులను బ్రేకూ ఆపలేదు, నేల మీద టైరు పట్టూ ఆపలేదు. నల్లరేగడిలో నాగలిని లాగించే గుణమే మనం బోల్టు దగ్గర కూర్చున్నప్పుడు మనకు ఎదురు తిరుగుతుంది. కార్లలో ఈ తేడా ఇంత పెద్దగా ఉండదు గానీ దిశ అదే. టాప్ గేరే మేలు.

ఇందులో ఇంకో మాయ ఉంది. లో ఫస్ట్‌లో ఇంజన్ పావు చుట్టు తిరిగితే వెనక చక్రం నేల మీద అర సెంటీమీటరు జరుగుతుంది. ఎవరి కంటికీ కనబడదు. రాడ్డు మాత్రం చేతిలో బరువుగా, నింపాదిగా కదులుతుంటుంది. బోల్టు వస్తోందని సంబరపడి ఇంకో పావు చుట్టు వేస్తాం. ఒక సుద్దముక్క తీసుకుని బోల్టు తల మీంచి పుల్లీ మీదికి ఒకే గీత గీయండి. గుంజాక గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే బోల్టు కదిలింది. గీత చెక్కుచెదరకుండా మొత్తంగా తిరిగితే మీ చెమట గేర్‌బాక్సులోకి పోయింది. మరో సంగతి, ట్రాక్టర్‌కు కుడి ఎడమలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. మలుపుల్లో పనికొచ్చే ఏర్పాటు అది. రెండింటినీ కలిపే గొళ్లెం వెయ్యకుండా ఒక్కదాన్నే తొక్కితే డిఫరెన్షియల్ రెండో చక్రాన్ని తిప్పేస్తుంది, తొక్కిన మనిషి పెడల్ మీద ఎంత బరువు మోపినా సరే.

కారుకు వస్తే ఇందాకటి 69 అన్న అంకె గుర్తుచేసుకోవాలి. క్లచ్ ప్లేటును ఇంజన్ గరిష్ఠ టార్క్ కన్నా కొంత ఎక్కువ మోసేలా చేస్తారు, మూడింతలు మోసేలా చెయ్యరు. చిన్న కారు బోల్టు మొండికేసి రెండు వందలు దాటితే గేరు, బ్రేకు రెండూ బాగానే ఉన్నా మధ్యలో క్లచ్ జారుతుంది. అప్పుడు షాఫ్ట్‌ను ముందు నుంచో వెనక నుంచో నేరుగా పట్టుకోవాలి. వెనక అంటే ఫ్లైవీల్ పళ్లకు గొళ్లెం వేసే పనిముట్టు. దానికి బదులు స్క్రూడ్రైవర్ దూర్చితే పన్ను విరుగుతుంది, లేదా హౌసింగ్ పగులుతుంది. ముందు అంటే పుల్లీని పట్టే హోల్డర్. కొన్ని పుల్లీలకు ఇందుకోసమే రంధ్రాలో ఆరు పలకల గాడో ఇస్తారు. చెయిన్ పాన వేసే ముందు పుల్లీని ఓసారి దగ్గరగా చూడండి. చాలా పుల్లీలు ఒకే ముక్కగా ఉండవు. నడిమి భాగానికీ బయటి చట్రానికీ మధ్య వేలి మందాన నల్లటి రబ్బరు వలయం ఉంటుంది. ఇంజన్ కుదుపులను మింగడానికి అది. బయటి చట్రాన్ని గొలుసుతో బిగించి నడిమి బోల్టును గుంజితే మధ్యలో చిరిగేది ఆ రబ్బరే. చిరిగినట్టు వెంటనే తెలియదు. కొన్నాళ్లకు బెల్టు పక్కకు జరిగి అరుస్తుంది.

పెట్రోల్ ఇంజన్లలో ఇంకో పాత కిటుకు ఉంది. స్పార్క్ ప్లగ్ తీసి, పిస్టన్‌ను కంప్రెషన్ కొస దాటించి పవర్ దశలో కొంత కింద ఉంచి, ఆ కంతలోంచి మెత్తని నైలాన్ తాడు లోపలికి నింపుతారు. కొస మాత్రం బయటే ఉంచుకుంటారు. బోల్టును ఎడమకు గుంజితే పిస్టన్ పైకొచ్చి తాడును హెడ్‌కు అదిమి ఆగిపోతుంది. పవర్ దశే ఎందుకంటే ఎడమకు తిప్పితే పిస్టన్ అక్కడి నుంచి పైకి వస్తుంది, అప్పుడు వాల్వులు రెండూ మూసి ఉంటాయి, తెరిచి ఉంటే వంగుతాయి. డీజిల్ ట్రాక్టర్‌కు ప్లగ్ కంత ఉండదు కాబట్టి ఈ కిటుకు దానికి లేదు.

స్టార్టర్ కిటుకు కూడా వినే ఉంటారు. బోల్టుకు సాకెట్, రాడ్డు తగిలించి, రాడ్డును నేలకో ఛాసిస్‌కో ఆనించి, ఒక్క క్షణం సెల్ఫ్ కొడతారు. స్టార్టర్ పళ్ల చక్రానికి తొమ్మిదో పదో పళ్లు, ఫ్లైవీల్ రింగుకు వందకు పైగా పళ్లు. దాని దెబ్బ మన చేతి బలానికి అందనిది. షాఫ్ట్ కుడికి తిరుగుతుంటే ఆగి ఉన్న బోల్టు దానితో పోలిస్తే ఎడమకు తిరిగినట్టే. సూత్రం సరైనదే. కానీ రాడ్డు జారితే ఎటు ఎగురుతుందో చెప్పలేం, ఇంజన్ పొరపాటున స్టార్టయితే ఇక చెప్పనక్కర్లేదు. పైగా అన్ని ఇంజన్లూ పుల్లీ వైపు నుంచి చూస్తే కుడికే తిరగవు. పాత హోండా ఇంజన్లు కొన్ని ఎడమకు తిరుగుతాయి. వాటి మీద ఈ కిటుకు వేస్తే బోల్టు ఇంకా బిగుస్తుంది. ఇంటి దగ్గర ఇది వద్దనే నా మాట. బోల్టు దగ్గర చేతులు పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి ఉంచితే ఎవరైనా పొరపాటున తాళం తిప్పుతారన్న భయం కూడా ఉండదు.

షాఫ్ట్ నిలబడింది. ఇక బలం పోయే దారుల్లో మిగిలింది చేతికీ బోల్టుకూ నడుమ ఉన్న ఇనుము. సాకెట్‌కు పొడవాటి ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే ముందు అది మెలి తిరుగుతుంది. రెండు మూడు ముక్కలు కలిపితే ప్రతి కీలు దగ్గరా కొంత ఆట. పొడవు తగ్గించలేకపోతే, ఎక్స్‌టెన్షన్ చివరను ఒక జాకీ స్టాండు మీద ఆనించాలి. లేకపోతే మనం కిందికి నొక్కిన బలం సాకెట్‌ను పక్కకు వంచి బోల్టు తల అంచులను చెక్కేస్తుంది. సాకెట్ లోపల ఆరు కోణాలున్నది వాడాలి. పన్నెండు కోణాలది మూలలను మాత్రమే పట్టుకుంటుంది, ఆరుది పలకలను పట్టుకుంటుంది. పాత అంగుళాల బోల్టుకు మిల్లీమీటర్ పాన వేసేటప్పుడు కూడా చూసుకోవాలి. ముప్పావు అంగుళం 19.05 మిల్లీమీటర్లు కాబట్టి 19 పాన కుదురుతుంది. అరంగుళం 12.7, దానికి 13 పాన వేస్తే వదులు.

రాడ్డుకు పైపు తొడిగితే పొడవు కొద్దీ టార్క్ పెరుగుతుంది. డెబ్బై కిలోల మనిషి మీటరు పైపు చివర నిలబడితే దాదాపు 690 న్యూటన్ మీటర్లు. బోల్టుకు అంత అక్కర్లేదు, రాడ్డు దాన్ని తట్టుకుంటుందన్న హామీ కూడా లేదు. పైపు వేసుకోండి, కానీ దాని మీద ఎగరొద్దు. మోకాలు నేలకు ఆనించి, రాడ్డును మీ వైపు నింపాదిగా లాగండి, తోసేటప్పుడు జారితే వేళ్లు రేడియేటర్‌కు కొట్టుకుంటాయి. చేతికి రెండు రకాల కబురు వస్తుంది. టక్కుమని తెగినట్టు చిన్న అదురు వస్తే అతుకులు తెగాయి, మిగతాది సులువు. అదురు లేకుండా మెత్తగా, సాగుతున్నట్టు కదిలితే వెంటనే ఆగాలి. అక్కడ బోల్టు మెలి తిరుగుతోంది, లేదా తల గుండ్రమవుతోంది.

మెకానిక్ చేతిలోని ఎయిర్ గన్ మన మీటరు పైపును వెక్కిరించినట్టు రెండు క్షణాల్లో బోల్టు తీసేస్తుంది. గన్ బలం ఎక్కువని అనుకుంటాం. బలం సంగతి అటుంచి, అది కొట్టే తీరు వేరు. లోపల ఒక బరువు తిరిగి తిరిగి సెకనుకు పదులసార్లు దెబ్బ వేస్తుంది. ఒక్కో దెబ్బ సెకనులో వెయ్యో వంతులలో అయిపోతుంది. అంత తక్కువ వ్యవధిలో ఫ్లైవీల్‌తో కలిసి ఉన్న బరువైన షాఫ్ట్ కదలడం మొదలుపెట్టే లోపే దెబ్బ ముగుస్తుంది. షాఫ్ట్‌ను పట్టుకునే పని చాలామటుకు దాని జడత్వమే చేసిపెడుతుంది. రెండో లాభం ఇంకా ఆసక్తికరం. 1969లో జర్మనీ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ బిగించిన బోల్టులను అడ్డంగా కంపింపజేసి చూశాడు. బిగించిన ముఖాలు అడ్డంగా కొద్దిగా జారితే చాలు, మరల్లో రాపిడి పట్టు తప్పి, బోల్టు తనంతట తానే విప్పుకోవడం మొదలుపెట్టింది. గతుకుల రోడ్డు మీద నట్లు ఊడిపోవడం వెనక ఉన్నది ఇదే. ఒక దిక్కున జారుతున్న దాన్ని ఇంకో దిక్కుకు జరపడం సులువు, రాపిడి ఒకేసారి రెండు దిక్కులా కాపలా కాయలేదు. గన్ దెబ్బల్లోని అదురు ఆ కాపలానే సడలిస్తుంది. పంక్చర్ షాపులో కంప్రెసర్ ఉన్నచోట గన్ కూడా ఉండే అవకాశముంది. బండి కదిలే స్థితిలో ఉంటే అక్కడికి తీసుకెళ్లి, బోల్టును ఒకసారి వదులు చేయించి, మళ్లీ మామూలుగా బిగించుకుని ఇంటికి రావడం వాకిట్లో సగం రోజు పోరాటం కన్నా చవక.

గన్ లేనిచోట అదే సూత్రం సుత్తెకు వర్తిస్తుంది. రాడ్డును చేత్తో లాగి బిగువుగా పట్టుకుని, బోల్టు దగ్గరున్న కొస మీద చిన్న చిన్న దెబ్బలు వేస్తే, లాగుడు ఒక పక్క, అదురు ఇంకో పక్క కలిసి పనిచేస్తాయి. బోల్టు తల మీద నేరుగా కొట్టడం కూడా మంచి పద్ధతే, తుప్పు పొర పగులుతుంది. అయితే ఇది క్రాంక్ బోల్టు. తల మీద పడిన ప్రతి దెబ్బా షాఫ్ట్‌ను వెనక్కి తోసి థ్రస్ట్ బేరింగుల మీద పడుతుంది. సమ్మెటతో కొట్టే చోటు కాదు.

ఇవేవీ పనిచెయ్యకపోతే వేడి. ఉక్కు ప్రతి డిగ్రీకి పదిలక్షల్లో పన్నెండు వంతులు వ్యాకోచిస్తుంది. 14 మిల్లీమీటర్ల బోల్టును 200 డిగ్రీలు పెంచితే లావు పెరిగేది మిల్లీమీటరులో వందకు మూడు వంతుల పైన, తల వెంట్రుకలో సగం. పైగా బోల్టు, షాఫ్ట్ రెండూ కలిసి వేడెక్కితే సందు పెద్దగా మారదు. వేడి వల్ల అసలు లాభం, వేడెక్కి చల్లారేటప్పుడు తుప్పు పొర చిట్లడం. జిగురు ఉంటే అది మెత్తబడటం ఇంకో లాభం. గట్టి రకం జిగురు 250 డిగ్రీలు దాటితే గానీ లొంగదు. గ్యాస్ మంట ఆ వేడిని నిమిషంలో ఇస్తుంది, దానితో పాటు పుల్లీ రబ్బరు వలయాన్ని కూడా కాలుస్తుంది. ఆయిల్ సీల్ కాలినా బాధ లేదు, ఎలాగూ మార్చబోతున్నదే. పుల్లీ రబ్బరు అలా కాదు. కాబట్టి మంటను బోల్టు తలకే పరిమితం చేయగల చెయ్యి ఉంటేనే ఈ పని పెట్టుకోవాలి. డీజిల్ కారుతున్న ఇంజన్ దగ్గర, ఇందాక చిమ్మిన కిరసనాయిలు ఆరకముందే మంట వెలిగించిన వాళ్ల కథలు ఏ షెడ్డులోనైనా రెండు దొరుకుతాయి.

బోల్టు వచ్చింది, సీల్ మారింది, పుల్లీ ఎక్కింది. ఇప్పుడు చేసే తప్పు మళ్లీ ఊడదీసే రోజుకు అప్పుగా మిగులుతుంది. మొండిగా వచ్చిందన్న కోపంతో మరలకు దండిగా గ్రీజు పూసి, పాత బిగుతుకే బిగిస్తారు కొందరు. రాపిడి తగ్గితే అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది. పొడి మరలకూ నూనె పట్టిన మరలకూ నొక్కుడులో మూడో వంతు తేడా రావడం మామూలే. ఏడు టన్నుల చోట తొమ్మిదిన్నర. నూనె వేయాలో వద్దో పుస్తకంలో రాసి ఉంటే అదే చెయ్యాలి, బోల్టు కొత్తది వెయ్యమంటే కొత్తది వెయ్యాలి. కొన్ని ఇంజన్లకు కొంత టార్క్ వరకు బిగించి ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటుంది. రాపిడి ఎంత మారినా, చుట్టుకు బోల్టు ముందుకు పోయే దూరం మారదు కదా, ఆ భరోసాతో చెప్పే పద్ధతి అది.

టార్క్ రెంచి లేకపోతే రాయికోడ్‌లో ఏ పత్తి రైతు ఇంట్లోనైనా దొరికే వేలాడే కాటా చాలు. రాడ్డును నిలువుగా నిలబెట్టండి, అప్పుడు దాని సొంత బరువు లెక్కలోకి రాదు. బోల్టు మధ్య నుంచి సరిగ్గా మీటరు దూరంలో కాటా కొక్కెం తగిలించి, రాడ్డుకు లంబంగా, నేలకు సమాంతరంగా లాగండి. కాటా ఇరవై కిలోలు చూపితే 196 న్యూటన్ మీటర్లు. రాడ్డు ఎనభై సెంటీమీటర్లే ఉంటే ఇరవై అయిదు దాకా లాగాలి. పుస్తకంలో 200 అని ఉంటే మిగిలిన ఆ నాలుగు కోసం ఇంకో గుంజుడు గుంజొద్దు, కాటా తప్పే అంతకన్నా ఎక్కువ ఉంటుంది.